తేనీరులో ‘తే’: ఒంగోలు ఇంట్లో చైనా టీ పోసుకునే పద్ధతి

నాకు టీ తాగడం నేర్పింది రాయి. చీమకుర్తి గెలాక్సీ గ్రానైట్ ఎగుమతి చేసే ఆఫీసులో ఇరవై ఏళ్లకు పైగా పనిచేశాను. నల్లటి రాతిలో బంగారు చుక్కలు మెరిసే ఆ బ్లాకులు మా దగ్గర నుంచి ఎక్కువగా చైనాకే, అక్కడ షియామెన్ రేవుకే పోయేవి. కొనడానికొచ్చే వాళ్లను ఒంగోలు స్టేషన్లో దించుకుని, క్వారీకి తీసుకెళ్లి, మార్కింగ్ అయ్యాక మళ్లీ రైలెక్కించడం నా డ్యూటీ.

వాళ్లలో ఒక పెద్దాయన ఎండు బ్లాకును చూసి ఎప్పుడూ బేరం ఆడేవాడు కాదు. బకెట్లతో నీళ్లు కొట్టించి, తడిరాతి మీద అరచెయ్యి రాస్తూ చుట్టూ తిరిగేవాడు. ఎండు మీద కనపడని సన్నటి పగులు తడి మీద గీతలా తేలుతుంది. ఆయన మొదటిసారి వచ్చినప్పుడు నా చేతిలో ఒక రేకు డబ్బా పెట్టాడు. లోపల గాలి తీసేసిన చిన్న ప్యాకెట్లు, ఒక్కోటి ఏడు గ్రాములు. కత్తిరిస్తే ఆకు కనపడలేదు. శనగగింజంత ముదురాకుపచ్చ ఉండలు, పళ్లెంలో వేస్తే టకటకా చప్పుడు.

మర్నాడు మా ఆఫీసు కుర్రాడు ఉత్సాహంగా రెండు ప్యాకెట్లు అర లీటరు పాలల్లో వేసి, అల్లం దంచి, పంచదార దట్టించి మరగబెట్టాడు. ఉండలన్నీ విచ్చుకుని గిన్నె నిండా తోటకూరలా పైకి లేచాయి. వడకట్టు మూసుకుపోయింది. వచ్చినదాన్ని పెద్దాయనకే ఇచ్చాడు. ఆయన గ్లాసు ఖాళీ చేశాడు, ముఖంలో ఏమీ తెలియనివ్వలేదు. ఆ సాయంత్రం మాత్రం హోటల్ గదిలో నన్ను కూర్చోబెట్టి కెటిల్, కప్పు, సాసరు, రెండు గాజు గ్లాసులతో అదే ఆకును తన పద్ధతిలో పోసి చూపించాడు. ఏడుసార్లు పోశాడు, ఏడుసార్లూ వాసన వేరు. నేనిక్కడ చెప్పబోయేది ఆ సాయంత్రం చూసినది, ఆ తర్వాత నేను చేసుకున్న తప్పుల్లోంచి నేర్చుకున్నది.

ముందు లెక్క తిరగేయండి

మన ఇళ్లలో వాడే టీ పొడి చాలావరకు సీటీసీ. ఆకును పళ్లున్న రోలర్ల మధ్య నలిపి, చింపి, చిన్న గుళికలుగా చుట్టేసే పద్ధతి అది, 1930లో అస్సాంలో పుట్టింది. నలిగిన ఆకు నీళ్లు తగలగానే రంగు, వగరు అంతా ఒక్క దెబ్బకు వదిలేస్తుంది. ఆ వగరును మోయాలంటే పాలూ పంచదారా ఉండాల్సిందే. దాన్ని తక్కువ చేయడం లేదు. పొద్దున ఆరింటికి నేను ఇప్పటికీ తాగేది అదే.

చైనా టీ ఆకు ఆకుగా ఉంటుంది. నిదానంగా విచ్చుకుంటుంది, ఇచ్చేది కొద్దికొద్దిగా ఇస్తుంది. అందుకని పాలు, పంచదార మానేసినంత మాత్రాన చైనా టీ అయిపోదు. మన కొలతలన్నీ తలకిందులు చేయాలి. మనం చెంచాడు పొడికి గ్లాసుడు నీళ్లు పోసి అయిదు నిమిషాలు కాస్తాం. వాళ్లు అయిదారు గ్రాముల ఆకు మీద వంద మిల్లీలీటర్ల నీళ్లు మాత్రమే పోసి, పది పదిహేను సెకన్లలో వంపేస్తారు. అదే ఆకు మీద మళ్లీ పోస్తారు, మళ్లీ వంపేస్తారు. దీన్ని గాంగ్‌ఫూ టీ అంటారు. కుంగ్‌ఫూలో ఉన్న మాటే ఇది, ఓపిగ్గా సాధించిన పనితనం అని అర్థం. షియామెన్ ఉన్న ఫుజియాన్ రాష్ట్రం దక్షిణ భాగంలోనూ, పక్కనే ఉన్న చావ్‌జౌలోనూ ఇది ఇంటింటి అలవాటు. షియామెన్‌లో ఏటా జరిగే రాళ్ల ఎగ్జిబిషన్‌కు రెండుసార్లు వెళ్లాను. ప్రతి రాళ్ల ఆఫీసులోనూ బేరానికి ముందు టీ బల్ల. ఒకచోట టీ పళ్లేన్ని మా గెలాక్సీ రాతితోనే కోయించారు. రాతి నాణ్యత బాగుందని నాకు నేనే తల ఊపుకున్నాను.

అన్నట్టు, ఆ తీరం వాళ్ల యాసలో టీని ‘తే’ అంటారు. డచ్చి వర్తకులు సరుకుతో పాటు ఆ మాటనూ యూరప్ పట్టుకెళితే అది ‘టీ’ అయింది. చైనాలో మిగతా చాలాచోట్ల ‘చా’ అంటారు, అది ‘చాయ్’గా మన దాకా వచ్చింది. తేనీరు అంటే తేనె కలిపిన నీరు అని చిన్నప్పుడు నేను గట్టిగా నమ్మేవాణ్ణి. తేయాకులో, తేనీరులో ఉన్న ఆ ‘తే’కు మూలం షియామెన్ తీరమే.

ఇంట్లో ఉన్నవాటితో మొదలుపెట్టండి

కావలసిన ముఖ్యమైన వస్తువు గైవాన్. మూత, చిన్న గిన్నె, కింద సాసరు, ఈ మూడూ కలిపి గైవాన్. ఆన్‌లైన్‌లో దొరుకుతుంది. దొరికేదాకా చిన్న పింగాణీ కప్పు, దానిమీద బోర్లించడానికి ఒక సాసరు చాలు. వంచుకోవడానికి ఒక గాజు గ్లాసు, తాగడానికి రెండు మూడు బుల్లి కప్పులు. స్టీలు గ్లాసు వద్దు, పెదవి కాలుతుంది, రంగు కనపడదు.

పింగాణీ అంటే గుర్తొచ్చింది. చీరాల దగ్గర మోటుపల్లిలో పాత చైనా పింగాణీ పెంకులు దొరికాయి. సముద్ర వర్తకులకు అభయమిస్తూ 1244లో కాకతి గణపతిదేవుడు శాసనం వేయించిన రేవు అది. మొన్నటిదాకా మా ప్రకాశం జిల్లాలోదే, ఇప్పుడు బాపట్ల వాళ్లదైంది. మన తీరానికి చైనా గిన్నెలు కొత్తేమీ కాదు.

ఇక పని. ముందు గిన్నెలో, కప్పుల్లో వేడినీళ్లు పోసి తిప్పి పారబోయండి. ఆ వేడి గిన్నెలో ఎండాకు వేసి, మూత పెట్టి, రెండుసార్లు కుదిపి, మూత ఓరగా తీసి వాసన చూడండి. టీ అసలు వాసన మొదట తెలిసేది ఇక్కడే. తర్వాత మరిగే నీళ్లు అంచుకు వేలెడు కిందవరకు పోసి, వెంటనే వంపేయండి. ఇది ఆకును లేపడానికే, తాగడానికి కాదు. గ్రీన్ టీకి మాత్రం ఈ కడుగుడు అక్కర్లేదు. రెండోసారి నీళ్లు పోసి మనసులో పదిహేను లెక్కపెట్టండి. మూతను కొద్దిగా జరిపి ఆకు జారనంత సందు ఉంచి, బొటనవేలు, మధ్యవేలుతో గిన్నె అంచు పట్టుకుని, చూపుడువేలు మూత బుడిపె మీద ఆనించి గ్లాసులోకి వంచండి. చివరి చుక్క దాకా వంచాలి. అడుగున నీళ్లు మిగిలితే వచ్చేసారికి చేదు తేలుతుంది. మొదటి నెల రోజులు నా బొటనవేలు కాలుతూనే ఉంది. నీళ్లు అంచుదాకా నింపడమే దానికి కారణమని తెలుసుకోవడానికి అంతకాలం పట్టింది.

గ్లాసులోకి వంచాకే కప్పుల్లోకి పంచాలి. ఆ గ్లాసును వాళ్లు ‘న్యాయం గిన్నె’ అంటారు, అందరికీ ఒకే చిక్కదనం రావాలని. చావ్‌జౌ పాతకాలం వాళ్లు అదీ వాడరు. కప్పులను ఆనించి పెట్టి, టీ కుండను వాటిమీద గుండ్రంగా తిప్పుతూ పోస్తారు. దాని పేరు ‘గ్వాన్ గాంగ్ నగర ప్రదక్షిణ’. చివరి చిక్కటి చుక్కలను ఒక్కో కప్పులో ఒక్కోటి రాల్చడం ‘హాన్ షిన్ సైన్యాన్ని లెక్కపెట్టడం’. ఇద్దరూ వాళ్ల చరిత్రలో పేరున్న సేనాపతులు. పొయ్యి ముందు భీముడూ నలుడూ గుర్తొచ్చే మనకు ఇదేమీ వింతగా అనిపించదు.

మూడోసారి నుంచి అయిదు పది సెకన్లు పెంచుకుంటూ పోండి. మంచి ఊలాంగ్, అంటే గ్రీన్ టీకీ బ్లాక్ టీకీ మధ్యరకం ఆకు, అయితే ఆరేడుసార్లు పలుకుతుంది. రెండోది, మూడోది రుచికి పైమెట్టు. ఒక్కో బుల్లి కప్పును మూడు గుక్కల్లో తాగాలంటారు, రుచి చూడడం అనే వాళ్ల అక్షరంలోనే మూడు నోళ్లు ఉన్నాయి. చప్పుడు చేస్తూ పీల్చినా తప్పు లేదు. అసలు అలా పీలిస్తేనే వాసన ముక్కు వెనక్కి ఎక్కుతుంది.

నీళ్లు

ఇక్కడ మనకు కష్టం ఉంది. ఒంగోలు బోరు నీళ్లతో పోస్తే ఎంత ఖరీదైన ఆకైనా మందంగా, మట్టి రంగులో వస్తుంది, పైన మెరిసే పొర కడుతుంది. కెటిల్ అడుగున తెల్లటి సున్నం పేరుకునే నీళ్లు టీకి పనికిరావు. క్యాన్ నీళ్లు వాడండి. కొన్ని క్యాన్లలో ఉప్పులన్నీ మరీ లాగేసి నీళ్లు చప్పగా ఉంటాయి. అలాంటప్పుడు నేను నాలుగు గ్లాసుల క్యాన్ నీళ్లకు ఒక గ్లాసు కాచి వడకట్టిన పంపు నీళ్లు కలుపుతాను. ఒకసారి మరిగి చల్లారిన నీళ్లను మళ్లీ మళ్లీ మరగబెట్టను.

వేడి సంగతికొస్తే ఊలాంగ్‌కు, ఎర్ర టీకి అంటే మన బ్లాక్ టీకి, మాగబెట్టిన పూఅర్‌కు బాగా మరిగిన నీళ్లే. గ్రీన్ టీకి ఎనభై డిగ్రీలు దాటొద్దు, దాటితే ఆకు ఉడికి చేదెక్కుతుంది. థర్మామీటరు అక్కర్లేదు. మరిగిన నీళ్లను ఒక గ్లాసులోంచి ఇంకో గ్లాసులోకి రెండుసార్లు తిరగబోయండి, ఆ విద్య మనకు పుట్టుకతోనే వచ్చు. 8వ శతాబ్దంలో టీ మీద మొట్టమొదటి గ్రంథం రాసిన లు యూ నీళ్లు మరగడంలో మూడు దశలు చెప్పాడు. చేప కళ్లంత బుడగలు, గిన్నె అంచున ముత్యాల్లా వరస కట్టే బుడగలు, ఆ తర్వాత అలలు. ఏ చేప కన్ను అనేది ఆయన చెప్పలేదు కాబట్టి నా మాట వినండి. గ్రీన్ టీకి నెత్తళ్ల కన్ను దగ్గరే ఆపాలి, కొరమీను కన్ను దాకా వస్తే పొయ్యి కట్టేసి కాసేపు ఆగాల్సిందే.

ఏ టీ కొనాలి

అన్ని టీలూ ఒకే మొక్క ఆకులు. కోశాక ఆకుకు ఏం చేశారన్నదే తేడా. కోసిన వంకాయ ముక్క గాలి తగిలి నల్లబడుతుందే, అందుకే ఉప్పునీళ్లలో వేస్తామే, ఆకులో జరిగేదీ అదే. కోయగానే వేడి చేసి ఆ నల్లబడడాన్ని ఆపేస్తే గ్రీన్ టీ. పూర్తిగా జరగనిస్తే మనం బ్లాక్ టీ అనేది, చైనా వాళ్లు కషాయం రంగును బట్టి దాన్ని ఎర్ర టీ అంటారు. వెదురు చేటల్లో ఆకును కుదిపి, అంచులు నలగనిచ్చి మధ్యలో ఆపితే ఊలాంగ్. చిగుళ్లను వాడబెట్టి ఆరబెట్టడం తప్ప ఇంకేమీ చేయకపోతే తెల్ల టీ. పసుపు టీ కూడా ఉంది, మన దాకా రావడం అరుదు, వదిలేయండి. ఆరోది వాళ్లు నల్ల టీ అనేది, మన బ్లాక్ టీ కాదు, మాగబెట్టినది. పూఅర్ ఆ జాతిదే.

మొదటిసారి కొనేవాళ్లకు నేను చెప్పేది టియెగ్వాన్‌యిన్. షియామెన్‌కు పైన ఉన్న ఆన్‌షీ కొండల ఊలాంగ్, నాకు వచ్చిన ఆ డబ్బా అదే. పేరుకు అర్థం ఇనుప గ్వాన్‌యిన్. అవలోకితేశ్వరుడు ఇక్కణ్ణుంచి చైనా వెళ్లి అమ్మవారి రూపం దాల్చిన దేవత గ్వాన్‌యిన్. తప్పుగా పోసినా ఈ టీ మరీ చేదెక్కదు, పూల వాసన వస్తుంది.

ఆడవాళ్లు ఎక్కువమందికి మొదట నచ్చేది మల్లె టీ. ఫుజౌ దానికి పేరు. మధ్యాహ్నం కోసిన మొగ్గలను వసంతంలో చేసి ఉంచిన గ్రీన్ టీతో కలిపి రాత్రికి ఉంచుతారు. రాత్రి మొగ్గ విచ్చుకుంటుంది, ఆ వాసన ఆకు తాగుతుంది. పొద్దున పూలు ఏరేసి ఆకు ఆరబెట్టి, మళ్లీ కొత్త మొగ్గలతో అలాగే ఇంకొన్ని రాత్రులు. కాబట్టి ప్యాకెట్లో పూరేకులు ఎన్ని కనపడితే అంత మంచి టీ అనుకోకండి. మల్లెను వాళ్లు ‘మోలి’ అంటారు. మన మల్లికే అలా మారింది. మా ఆవిడ చైనా టీతో రాజీపడింది ఈ ఒక్క కప్పు వల్లే.

గ్రీన్ టీల్లో హాంగ్‌జౌ వాళ్ల లాంగ్‌జింగ్ గొప్పది. ఏప్రిల్ మొదట్లో వచ్చే వాళ్ల చింగ్‌మింగ్ పండక్కి ముందు కోసిన చిగురుకు ధర ఎక్కువ. గైవాన్ అవసరం లేదు, పొడుగాటి గాజు గ్లాసులో మూడు గ్రాములు వేసి ఎనభై డిగ్రీల నీళ్లు పోసి, ఆకులు నిలబడి నెమ్మదిగా అడుక్కి దిగడం చూస్తూ తాగడమే. వూయీ కొండల రాళ్ల మధ్య పెరిగే ఊలాంగ్‌లను రాతి టీలంటారు, వాటిలో దా హాంగ్ పావ్ పేరు వినే ఉంటారు. కొండగోడ మీద ఉన్న తల్లిచెట్లు ఆరే, 2006 నుంచి వాటి ఆకు కోయడమే లేదు. తల్లిచెట్టు ఆకు అని ఎవరైనా అమ్మితే నవ్వి పక్కకు రండి.

పూఅర్ నాకు ఇష్టం, అందుకే నాలుగు మాటలు ఎక్కువ చెబుతాను. యున్నాన్ రాష్ట్రం టీ. ఆకును ఆవిరి పట్టి బిళ్లలుగా అదుముతారు. బిళ్ల తూకం సాధారణంగా 357 గ్రాములు, ఏడు బిళ్లలు ఒక వెదురు పొట్టు కట్ట. పచ్చిది కొత్తలో నాలుకను కోస్తుంది, ఏళ్ల తరబడి దాస్తే మెత్తబడుతుంది. అంతకాలం ఆగలేక 1973లో కున్‌మింగ్‌లో ఆకును కుప్ప పోసి, తడిపి, నెలా రెండు నెలల్లో మాగబెట్టే పద్ధతి కనిపెట్టారు. దాన్ని వండిన పూఅర్ అంటారు. పాత బియ్యం విలువ తెలిసిన నెల్లూరు వాళ్లకు పాత పూఅర్ గురించి నేను చెప్పాల్సింది లేదు. మొదటిసారి వాసన చూస్తే తొలకరి తడిసిన పాత పెంకుటిల్లు గుర్తొస్తుంది. రెండుసార్లు కడిగి తాగండి. బిర్యానీ తిన్న మధ్యాహ్నం తాగితే హాయిగా ఉంటుంది.

టీ కుండ

ఫొటోల్లో కనిపించే గోధుమరంగు చిన్న కుండలు జియాంగ్సులోని యీషింగ్ ఊరివి. జిషా అనే మట్టి, గ్లేజు ఉండదు. మింగ్ రాజుల కాలంలో వీటికి రోజులొచ్చాయి. 1391లో మొదటి మింగ్ చక్రవర్తి అదిమిన టీ బిళ్లల కప్పం రద్దు చేసి విడి ఆకే పంపమన్నాడు. విడి ఆకును నానబెట్టి వంచుకోవాలంటే కుండ కావాలి కదా.

చేపల పులుసు చట్టిని మన అమ్మలు ఎలా చూసుకుంటారో యీషింగ్ కుండను అలా చూసుకోవాలి. చట్టి మట్టిలోకి పులుసు ఇంకి ఇంకి ఒక రుచి పడుతుంది. ఆ చట్టిలో పాయసం ఎవరూ కాచరు. ఈ కుండా అంతే, ఒక కుండకు ఒకే రకం టీ. సబ్బు తగలకూడదు. వేడినీళ్లతో కడిగి మూత తీసి ఆరబెట్టడమే. వాడేకొద్దీ పైన మెరుపు వస్తుంది, దాన్ని వాళ్లు కుండను పెంచడం అంటారు. రెండేళ్లు పెంచిన నా కుండను ఒక సంక్రాంతి ముందు మా ఆవిడ గిన్నెల సబ్బు, పీచుతో తళతళా తోమి బోర్లించింది. “ఎంత మురికి పట్టిందో చూడండి” అని నాకే చూపించింది. తర్వాత వారం రోజులు నిమ్మకాయ సబ్బు వాసన టీ తాగాను.

అంతకుముందు ఒక బజారులో మెరిసే ఎర్ర కుండ చవగ్గా వచ్చిందని కొన్నాను. వేడినీళ్లు పోయగానే నీళ్లు ఎర్రబడ్డాయి, రంగు పూసిన మట్టి. అప్పటినుంచి కుండ కొనేముందు లోపల తడిపి తెల్లగుడ్డతో తుడిచి చూస్తాను. మూత సరిగ్గా కూర్చుందా, నీళ్లు తెగకుండా ధారగా పడుతున్నాయా, నూట ఇరవై, నూట యాభై మిల్లీలీటర్లకు మించలేదు కదా, ఇవి చూసుకోండి. అసలైన చేతిపని కుండలు చాలా ఖరీదు. ఏడాదిపాటు గైవాన్‌తో పోశాక అప్పుడు ఆలోచించండి.

మర్యాదలు

కప్పు నిండా పోయకూడదు, పదింట ఏడు వంతులే. నిండు కప్పు పోస్తే అతిథిని తాగి లేవమన్నట్టు. మన దగ్గర సరిగ్గా దీనికి ఎదురు. కావలి నుంచి మా మేనత్త వచ్చినప్పుడు బుల్లి కప్పులో ముప్పావు పోసి ఇచ్చాను. కప్పును అటూ ఇటూ తిప్పి చూసి, “ఏం అబ్బయ్యా, టీ పొడి అయిపోయిందా? చెప్తే మా ఊళ్లో తెచ్చేదాన్ని గదా” అంది. తర్వాత తొమ్మిది కప్పులు తాగి, రాత్రంతా నిద్రపట్టక ఊరి సంగతులన్నీ చెప్పింది. కాబట్టి సాయంత్రం ఆరు దాటాక పెద్దవాళ్లకు ఎక్కువసార్లు పోయొద్దు. ఖాళీ కడుపున కూడా వద్దు, కళ్లు తిరుగుతాయి. పక్కన రెండు చెక్కలో, వేయించిన వేరుశనగలో పెట్టండి. కారం ఎక్కువ ఉన్నవి వద్దు, టీ రుచి చచ్చిపోతుంది.

ముందు పెద్దవాళ్లకు పోయాలి. కుండ మూతి మనిషి వైపు తిప్పి పెట్టకూడదు. మీకెవరైనా పోస్తుంటే చూపుడువేలు, మధ్యవేలు వంచి బల్ల మీద రెండుసార్లు తట్టండి, అదే థాంక్స్. చియెన్‌లాంగ్ చక్రవర్తి మారువేషంలో తిరుగుతూ తన సేవకుడికి టీ పోశాడట, అందరిముందూ సాష్టాంగపడలేక ఆ సేవకుడు వేళ్లతోనే మొక్కాడట. కథే కావచ్చు, మాట్లాడుతూ మాట్లాడుతూ వేళ్లు తట్టే అలవాటు మాత్రం షియామెన్‌లో ప్రతి బల్ల దగ్గరా చూశాను. పెళ్లిలో కొత్త దంపతులు పెద్దలకు రెండు చేతులతో టీ అందిస్తారు, పెద్దలు ఎర్ర కవర్లో డబ్బు పెట్టి ఇస్తారు. మన చదివింపులు అనుకోండి.

దాచడం గురించి ఒక్క మాట. గ్రీన్ టీ, లేత టియెగ్వాన్‌యిన్ గాలి చొరని ప్యాకెట్లో ఫ్రిజ్‌లో ఉంచండి. పూఅర్‌కు గాలి కావాలి, మట్టి జాడీలో పెట్టండి. ఏదైనా సరే కారం డబ్బాలకు, అగరొత్తులకు, కర్పూరానికి దూరంగా. నేను ఒక బిళ్లను దేవుడి గూట్లో పెట్టి పాడుచేసుకున్నాను.

చివరి వంపు అయ్యాక ఆకును వెంటనే పారేయకండి. తెల్ల పళ్లెంలో కుమ్మరించి, కాసిని నీళ్లు పోసి వేళ్లతో విప్పండి. పెద్దాయన ఆ హోటల్ గదిలో చివర చేసింది ఇదే. ఆకు నిండుగా ఉందా, తుంపులా? ఊలాంగ్ అయితే అంచు సన్నగా ఎర్రబారి, మధ్య పచ్చగా ఉండాలి. వేళ్ల మధ్య రుద్దితే తోలులా సాగాలి, పొడుం కాకూడదు. మాడు మచ్చలు, లావు కాడలు ఎక్కువుంటే వచ్చేసారి ఆ కొట్లో కొనకండి. ఎండాకులో దాగినవన్నీ ఇక్కడ తేలతాయి. చూసేశాక మా ఇంట్లో ఆ ఆకు మల్లెకుండీలోకి పోతుంది.